గులాబీ వేస్తే క్యాబేజీ అవుతోంది: వాటర్ కలర్‌లోనూ, ఆయిల్‌లోనూ

కొత్తకుంచె:
అందరికీ నమస్కారం. ఒకే ఫొటో చూసి ఎర్ర గులాబీని వాటర్ కలర్‌లో ఒకసారి, ఆయిల్‌లో ఒకసారి వేశాను. రెండూ క్యాబేజీలే. వాటర్ కలర్‌ది ఏ4 సైజు, 190 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాముల బరువు) కాగితం. రేకుకీ రేకుకీ మధ్య గట్టి గీతలు పడ్డాయి. తడిగా ఉన్నప్పుడు నిగనిగలాడిన ఎరుపు ఆరేసరికి వెలిసిపోయింది. ఆయిల్‌లో వెలుగు పడేచోట తెలుపు కలిపితే సుద్ద రంగొచ్చింది, నీడకి నలుపు కలిపితే మసి పట్టింది, నడిమధ్యన అన్నీ కలిసి బురద. నా దగ్గరున్నవి: క్రిమ్సన్, స్కార్లెట్, ఒక పసుపు, అల్ట్రామెరీన్, సాప్ గ్రీన్, నలుపు, తెలుపు. ఎక్కడ తప్పుతోందో చెప్పగలరు.

తడికుంచె:
రేకులతో మొదలుపెట్టి ఉంటారు. క్యాబేజీ అక్కడే పుడుతుంది. గులాబీని ముందు ఒక గిన్నెగా, ఆ గిన్నెలో నిలబెట్టిన కోడిగుడ్డుగా చూడండి. బయటి రేకులు గిన్నె, లోపలి ముడి గుడ్డు. పెన్సిల్‌తో ఈ రెండే వేసి, గిన్నె మూతికి ఒక కోలవలయం, కాడ వాలుకి ఒక గీత పెట్టండి. ఆ కాడ గీతను పువ్వులోంచి పైకి పొడిగిస్తే ముడి నడినెత్తిన తేలాలి. అలా తేలకపోతే రేకులు ఎంత బాగా వేసినా పువ్వు కాడకి అతికించినట్టే ఉంటుంది. ఇది కుదిరాకే రేకుల అంచులు, అవి కూడా కళ్ళకి స్పష్టంగా కనిపించినవే. లోపలి మడతలు లెక్కపెట్టకండి.

కాగితం మార్చక తప్పదు. 190 జీఎస్ఎం కాగితం ఉబ్బి గుంటలు పడుతుంది, రంగు ఆ గుంటల్లోకి చేరి ఆరుతుంది. 300 జీఎస్ఎం, నూరు శాతం కాటన్, కోల్డ్ ప్రెస్ (కొంచెం గరుకుగా ఉండేది) తీసుకోండి. పూర్తి షీటు 22×30 అంగుళాలు, దాన్ని నాలుగు చేస్తే 11×15. ఒక్క పువ్వుకి అది ధారాళం.

ఇక పూత. ఒక రేకుని మంచినీళ్ళతో తడపండి. కాగితాన్ని కళ్ళ ఎత్తుకి లేపి ఏటవాలుగా చూస్తే పట్టుచీరలా మెరవాలి, చెరువులా నిలవకూడదు. అప్పుడు రేకు మొదట్లో, అంటే అది పక్క రేకు కిందికి దూరేచోట, పాలంత చిక్కని రంగు ఆనించి వదిలేయండి. అట్టను కొంచెం వాల్చితే రంగు తనే అంచువైపు పాకుతుంది. అంచు దాకా రానివ్వకండి. చివర ఒక పల్చని పట్టీ దాదాపు తెల్లగా మిగిలితే అదే రేకు మందం అవుతుంది. తర్వాత ఆనుకుని ఉన్న రేకు ముట్టుకోకుండా ఒకటి వదిలి ఒకటి వేయండి. తడి రేకు పక్కన తడి రేకు వేస్తే రెండూ కలిసిపోతాయి. కలవకూడదని పెన్సిల్ గీత మీద రంగుతో ఇంకో గీత గీస్తారు చూడండి, మీ గట్టి గీతలు అవే.

రెండోపూత:
పైదానికి ఒక్క సవరణ. కొన్ని రేకులు కలిసిపోవాలి కూడా. నీడవైపు రెండు మూడు అంచులు పక్కదాంట్లోకి కరిగిపోతేనే పువ్వు గుండ్రంగా తిరుగుతుంది. అన్ని అంచులూ కత్తిరించినట్టు ఉంటే కాగితం పువ్వే. నా లెక్కలో పది అంచులుంటే నాలుగు పదునుగా, మూడు మెత్తగా, మూడు కనిపించకుండా. పదునైనవన్నీ ముడి దగ్గర, వెలుగు వైపు.

ఆరాక వెలవడం గురించి: వాటర్ కలర్ ఏదైనా ఆరితే ఒక మెట్టు తేలిపోతుంది. ఎరుపులో అది మరీ కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఒక్క పూతలో కావలసిన ఎరుపు రాదు, మూడు కావాలి. మొదటిది మజ్జిగతేటంత పల్చగా, రెండోది పాలంత, మూడోది పెరుగంత చిక్కగా. మూడోది నీడ మూలల్లో మాత్రమే. పూతకీ పూతకీ మధ్య పూర్తిగా ఆరాలి. అరచేతి వెనకవైపు కాగితానికి ఆనిస్తే చల్లగా తగిలిందంటే ఇంకా తడి ఉన్నట్టే. ఆ తడి మీద నీళ్ళబ్రష్ పెడితే కాలీఫ్లవర్ లాంటి మరకలు లేస్తాయి.

గోదారిగట్టు:
మాస్కింగ్ ఫ్లూయిడ్‌తో, అదే రంగు అంటకుండా ముందు పూసి తర్వాత ఊడదీసే జిగురుతో, అంచుల తెలుపు కాపాడుకోవచ్చు కదా?

తడికుంచె:
కాపాడుకోవచ్చు, కానీ తీశాక ఆ తెలుపు కత్తితో కోసినట్టుంటుంది, గులాబీ అంచుకి అది నప్పదు. మన ఎండల్లో రోజుల తరబడి కాగితం మీద ఉంచేస్తే లేవదు, లేచినా కాగితం పొరతో సహా లేస్తుంది. కేసరాలకీ నీటిచుక్కల మెరుపుకీ వాడండి చాలు. అంచులకి బ్రష్‌ని అదుపులో పెట్టుకోవడమే మేలు. జారిపోయిన చోట, ఆరకముందే, పిండేసిన బ్రష్ కొనతో ఒక్కసారి లాగండి. రంగు బ్రష్‌లోకి వచ్చేస్తుంది.

పాతపాలెట్:
ఆయిల్ సంగతి నేను చెప్తాను. వాటర్ కలర్‌లో వెలుగు ముందు, నీడ చివర. ఆయిల్‌లో దీన్ని తిరగేయాలి. కొత్తకుంచెగారు రెండిటినీ ఒకే వరసలో వేసి ఉంటారని నా అనుమానం.

12×16 అంగుళాల కాన్వాస్, ముందే జెస్సో (రంగు పట్టేందుకు వేసే తెల్ల అడుగుపూత) పూసినది. తెల్ల కాన్వాస్ మీద ఎరుపు ఎప్పుడూ ఉన్నదానికంటే ముదురుగా కనిపించి మోసం చేస్తుంది. అందుకని టర్పెంటైన్‌లో పల్చన చేసిన బర్న్‌ట్ అంబర్ పూసి గుడ్డతో తుడిచేయండి, లేత గోధుమరంగు మిగలాలి. అంబర్ తొందరగా ఆరుతుంది కాబట్టి అడుగున అదే మంచిది. తర్వాత పువ్వు మొత్తాన్ని రెండే రంగులతో నింపండి: నీడకి ఒకటి, వెలుగుకి ఒకటి. రేకులు లేవు, గిన్నె, గుడ్డు అంతే. కళ్ళు సగం మూసి చూస్తే పువ్వులా అనిపిస్తోందా? అనిపించకపోతే పైన ఎన్ని రేకులు వేసినా దండగ. అనిపిస్తే ముడిలోని అతి ముదురు చీలికలు నాలుగైదు పెట్టి, వాటి చుట్టూ రేకుల పైతలాలు ఒక్కో దెబ్బతో వేస్తూ బయటికి రండి. చిట్టచివర చుట్టుకున్న అంచులు. ఫిల్బర్ట్ బ్రష్ 6, 8 నంబర్లు సరిపోతాయి, దాని గుండ్రటి కొనే సగం రేకు ఆకారం.

బురద ఎందుకంటే: నీడలో ముంచిన బ్రష్‌తోనే వెలుగు ముట్టుకున్నారు. నీడకి ఒక బ్రష్, వెలుగుకి ఒక బ్రష్. ప్రతి దెబ్బకీ గుడ్డతో తుడవాలి, టర్పెంటైన్‌లో ముంచడం కాదు. వేసిన దెబ్బని మళ్ళీ సర్దకండి. మూడోసారి రుద్దారంటే అక్కడ బురద ఖాయం, కత్తితో గీకేసి మళ్ళీ వేయడమే.

ముళ్ళకొమ్మ:
సుద్ద గురించి ఎవరూ అనలేదు. ఎరుపులో తెలుపు కలిపితే వెలుగు రాదు, గులాబీరంగు వస్తుంది. ఎర్ర గులాబీ వెలుగుకి ముందు స్కార్లెట్, దాంట్లో చిటికెడు పసుపు. తెలుపు అసలు ముట్టుకోకండి.

పాతపాలెట్:
"అసలు ముట్టుకోకండి" అంటే ఒప్పుకోను. కిటికీ వెలుతురులో అసలు పువ్వు పెట్టి చూడండి. రేకు వెనకనుంచి వెలుగు లోపలికి దూరి వచ్చేచోట నారింజ కలిసిన ఎరుపు, అక్కడ మీరన్నదే నిజం, తెలుపు పడితే చచ్చిపోతుంది. కానీ రేకు బయటికి ఒంపు తిరిగిన చోట ఆకాశపు వెలుతురు పైనుంచి తగిలి వెనక్కి కొడుతుంది. మఖమల్ గుడ్డ మడత మీద కనిపించే నీలికలిసిన లేత మెరుపు అదే. అక్కడ క్రిమ్సన్, తెలుపు, రవ్వంత అల్ట్రామెరీన్ కావాలి. దూరి వచ్చే వెలుగు వేడి, తగిలి పోయే వెలుగు చలి. ఈ రెండూ పక్కపక్కన పడినప్పుడే మఖమల్ తెలుస్తుంది. ట్యూబులైట్ కింద పెట్టుకుంటే ఈ తేడా చాలామటుకు పోతుంది.

ముళ్ళకొమ్మ:
సరే, ఒంపు మీద ఒప్పుకుంటున్నా. నీడలో నలుపు మాత్రం వద్దు. రేకుల మధ్య లోతుల్లో వెలుగు ఒక ఎరుపు మీంచి ఇంకో ఎరుపు మీదికి కొట్టుకుంటూ తిరుగుతుంది. అందుకే ఆ లోతు ముదురుగా ఉన్నా వేడిగా, చిక్కగా ఉంటుంది, నల్లగా కాదు. క్రిమ్సన్‌లో చాలా కొంచెం థాలో గ్రీన్ (చాలా గాఢమైన నీలి ఆకుపచ్చ) కలపండి, దాదాపు నల్లటి ఎరుపు వస్తుంది. శనగగింజంత క్రిమ్సన్‌కి ఆవగింజంత ఆకుపచ్చ మించకూడదు, థాలో అన్నిటినీ మింగేస్తుంది. మీ సాప్ గ్రీన్‌తో ఇంత ముదురు రాదు. వాటర్ కలర్‌కీ ఇదే మిశ్రమం.

సున్నపుగోడ:
తెల్ల గులాబీ అడుగుదామనుకుంటున్నా, పసుపు కూడా. నీడలు మురికిగా వస్తున్నాయి.

రెండోపూత:
తెల్లదానికి వెనక రంగు ముందు వేయండి, లేకపోతే నీడ ఎంత ముదురుండాలో తెలియదు. నీడకి అల్ట్రామెరీన్, బర్న్‌ట్ సియెన్నా (ఎర్రమట్టి రంగు) బాగా నీళ్ళు పోసి. ముడి లోపల మాత్రం లేత పసుపు, ఒక్క చుక్క ఆకుపచ్చ. తెల్ల గులాబీ లోపలినుంచి దీపం పెట్టినట్టుంటుంది కదా, అది ఈ పసుపు వల్లే. ఆయిల్‌లో అయితే ట్యూబు తెలుపు నేరుగా రెండు మూడు చోట్లకి మించి పడకూడదు.

పసుపుకి నలుపు కలిపితే ఆకుపచ్చ, ఊదా ఎక్కువైతే మట్టి. రా సియెన్నాతో (పసుపు మట్టిరంగు) ముదురు చేయండి, లోతుల్లో నారింజ.

జెస్సో:
తెలుపు మాటొచ్చింది కాబట్టి: ఆయిల్‌లో టైటానియం వైట్ వాడండి. జింక్ వైట్ లేత రంగులకి మృదువుగా ఉంటుందని కొందరు పువ్వులకి అదే వాడతారు, కానీ ఆరాక ఆ పొర పెళుసెక్కుతుంది, ఏళ్ళు గడిచాక పగుళ్ళిస్తుంది, కింది పొర నుంచి ఊడుతుంది కూడా. ట్యూబు మీద రంగుపొడి కోడ్ పీడబ్ల్యూ 4 అంటే జింక్, పీడబ్ల్యూ 6 అంటే టైటానియం. కొన్నిట్లో రెండూ కలిపి ఉంటాయి, చదివి కొనండి.

పగుళ్ళకి ఇంకో కారణం పొరల వరస. అడుగు పొరలో టర్పెంటైన్ ఎక్కువ, మధ్యది ట్యూబు రంగు ఉన్నదున్నట్టు, పై పొరకి లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) కొద్దిగా. పైకి పోయేకొద్దీ నూనె పెరగాలి, తగ్గకూడదు. ఎందుకంటే ఆయిల్ నీళ్ళలా ఆవిరై ఆరదు, గాలిలో ఆక్సిజన్ పీల్చుకుని గట్టిపడుతుంది. నూనె ఎక్కువున్న పొర నెమ్మదిగా గట్టిపడుతూ చాలాకాలం కదులుతుంది. దాని మీద తొందరగా బిగుసుకునే పల్చటి పొర వేస్తే అది నెర్రెలిస్తుంది.

నీడ భాగాలు ఆరాక మసకబారి మచ్చల్లా కనిపిస్తే కంగారుపడకండి. అడుగు పొర నూనె పీల్చేసిందన్నమాట. గుడ్డకి చుక్క లిన్సీడ్ రాసి ఆ చోట రుద్ది, పొడిగుడ్డతో మిగులు తుడిచేయండి, అసలు ముదురు తిరిగొస్తుంది. ఆ మీద పని కొనసాగించవచ్చు.

ఇంకొకటి, ఇది బొమ్మకి కాదు, ఇంటికి. లిన్సీడ్ తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి. ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక దానంతటదే అంటుకుంటుంది. విడదీసి ఆరుబయట దండెం మీద ఆరేయండి, లేదా మూతున్న రేకు డబ్బాలో నీళ్ళు పోసి ముంచండి.

గోదారిగట్టు:
హార్డ్‌వేర్ షాపు టర్పెంటైన్ పనికొస్తుందా?

జెస్సో:
బ్రష్‌లు కడగడానికి పనికొస్తుంది. అక్కడ చాలాసార్లు ఇచ్చేది గోడ రంగుల మినరల్ టర్పెంటైన్. బొమ్మలో కలపడానికి మాత్రం ఆర్ట్ షాపుదే. నమ్మకం లేకపోతే తెల్లకాగితం మీద ఒక చుక్క వేసి మర్నాడు చూడండి, జిడ్డు మరక మిగిలితే అది బొమ్మలోకి పోకూడదు.

నీలిసిరా:
క్రిమ్సన్ అని ఊరుకుంటే కుదరదు, ఏ క్రిమ్సన్? ట్యూబు పక్కన చిన్న అక్షరాల్లో కోడ్ ఉంటుంది. పీఆర్ 83 అంటే అసలు అలిజరిన్ క్రిమ్సన్, పల్చగా వేస్తే వెలుతురుకి వెలుస్తుంది. వాటర్ కలర్‌లో పూతలన్నీ పల్చనే కదా. దాని బదులు పీవీ 19, క్వినాక్రిడోన్ రోజ్. గులాబీలకి ఒక్క రంగే కొనుక్కోవాలంటే అదే కొనండి. ఇంకా నీలం వైపు కావాలంటే పీఆర్ 122. ఎరుపుకి పీఆర్ 254 పైరోల్ రెడ్, ముదురుకి పీఆర్ 179 పెరిలీన్ మెరూన్. ఒపెరా పింక్ జోలికి పోవద్దు. ఆ ధగధగ ఫ్లోరసెంట్ డై వల్ల వస్తుంది, ముందు పోయేది అదే. స్కాన్ చేసి ప్రింట్ తీసుకునేవాళ్ళకైతే ఇబ్బంది లేదు.

ఇది చాదస్తం అనుకునేవాళ్ళకి: చిత్రకారుడు వాన్ గో 1890 మేలో ఫ్రాన్స్‌లోని సాన్ రెమీలో వేసిన గులాబీల బొమ్మలు ఒకటి వాషింగ్టన్‌లో, ఒకటి న్యూయార్క్‌లో ఉన్నాయి. ఇవాళ చూస్తే తెల్లగులాబీలు. వేసిననాడు అవి గులాబీరంగువి. ఆయన వాడిన ఎర్ర లేక్ రంగు (డై నుంచి చేసినది) వెలిసిపోయింది. అది కూడా ఆయిల్‌లో.

మీ రంగుల్ని మీరే పరీక్షించుకోవచ్చు. ఒక కాగితం ముక్క మీద ప్రతి రంగూ పట్టీలా వేసి, సగం నల్ల అట్టతో మూసి, ఎండ తగిలే కిటికీ అద్దానికి అతికించండి. వేసవి రెండు నెలల తర్వాత అట్ట తీసి రెండు సగాలూ పోల్చండి. అట్ట అంచు గీతలా కనిపించిన రంగుని పక్కన పెట్టేయడమే.

కొత్తకుంచె:
నాది పీఆర్ 83 అని ఉంది. మార్చేస్తాను. ఇంకో సందేహం, ఇక్కడ ఎండలకి రేకు తడిపి రంగు అందుకునేలోపే ఆరిపోతోంది.

తడికుంచె:
ఫ్యాన్ ఆపండి, అది మొదటిది. పొద్దున్నే కూర్చోండి. కాగితం వెనకవైపు కూడా తడిపి, నునుపు ప్లాస్టిక్ పలక మీద పరిస్తే కింది తడి పైకి అందుతూ ఉంటుంది. రంగునీళ్ళలో గ్లిజరిన్ ఒకటి రెండు చుక్కలు వేస్తే ఆరడం మెల్లగవుతుంది. వానాకాలంలో మాత్రం వేయకండి, అప్పుడది ఆరనే ఆరదు, జిగటగా ఉండి దుమ్ము పట్టేస్తుంది.

ఉప్పుగాలి:
విశాఖ, కాకినాడ వైపు వాళ్ళకి బాధ తిరగబడుతుంది. కాగితం తేమకి పాడై, రంగు పెట్టగానే అక్కడక్కడ చుక్కలు చుక్కలుగా పీల్చేస్తుంది, కాగితం మీద జిగురుపూత పోయిందని గుర్తు. అది మళ్ళీ బాగుపడదు. కొన్న వెంటనే సిలికా జెల్ పొట్లాలతో ప్లాస్టిక్ సంచిలో మూసి పెట్టండి.

ముళ్ళకొమ్మ:
ఫొటో చూసి వేశానన్నారు. ఫోన్ ఫొటోలో ఎర్ర గులాబీ సగం అబద్ధం. కెమెరా పట్టగలిగిన ఎరుపు హద్దు దాటిపోయి, రేకుల మీది తేడాలన్నీ ఒకే ఎర్ర ముద్దగా మారుతాయి. మీరు ఆ ముద్దకి లేని మడతలు ఊహించి గీశారు. తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ (లోపలికి తీసుకునే వెలుతురు) ఒక మెట్టు తగ్గించండి, ఫొటో చీకటిగా వచ్చినా రేకులు కనిపిస్తాయి. ఇంకా మంచిది, పువ్వే పెట్టుకోండి. కాడని నీళ్ళలో ముంచి ఏటవాలుగా కోసి, ఒకే దీపం ఎడమవైపు పైనుంచి. గదిలో వెచ్చదనానికి ముడి విచ్చుకుంటూ పోతుంది కాబట్టి ముడి ముందు వేయండి, ఆకులు సాయంత్రం దాకా ఆగుతాయి.

గోదారిగట్టు:
కుండీలో మొక్కే పెట్టుకుంటే ఆ తొందర ఉండదు. కడియం నర్సరీల్లో అన్ని రకాలూ దొరుకుతాయి. పూల బొమ్మలకి పేరున్న పాతకాలపు చిత్రకారుడు రెదూతే గులాబీల్ని చూసి సాధన చేస్తే ఎలా ఉంటుంది?

రెండోపూత:
చేయండి, రెండు సంగతులు తెలుసుకుని. ఆయన పుస్తకం 1817–1824 మధ్య భాగాలుగా వచ్చింది. అందులో చాలావరకు పాతకాలపు గులాబీలు, విచ్చుకుంటే పళ్ళెంలా పరుచుకుని, లోపల చిన్న రేకులు కిక్కిరిసి ఉంటాయి, మన పన్నీరు గులాబీ తరహా. బొకేల్లో చూసే కొనదేలిన ముడి హైబ్రిడ్ టీ జాతిది. వాటిలో మొదటిదిగా చెప్పే లా ఫ్రాన్స్ 1867లో గానీ రాలేదు. అది ఈ ఆకారంతో, ఇది ఆ ఆకారంతో వేస్తే రెండూ కావు. రెండోది, అచ్చులో కనిపించే ఆ మెత్తటి ఛాయ వాష్‌తో (పల్చటి నీళ్ళపూతతో) వచ్చింది కాదు. రాగిరేకు మీద చుక్కలు చుక్కలుగా చెక్కి రంగుల్లో అచ్చువేసి, పైన చేత్తో వాటర్ కలర్ దిద్దారు. భూతద్దం పెడితే చుక్కలు కనిపిస్తాయి. అందుకని దాన్ని వాష్‌తో సాధించాలని కుస్తీ పట్టకండి.

ఆకులు ఒక్క మాట: గులాబీ ఆకు ఒక్కటి కాదు, ఒకే ఈనె మీద 5 లేదా 7 చిట్టి ఆకులు, చివరిది పెద్దది, అంచు రంపం పళ్ళు కొనవైపు చూస్తాయి. పువ్వుకి దగ్గర్లో మూడే ఉండొచ్చు. సాప్ గ్రీన్ నేరుగా వేస్తే ప్లాస్టిక్ ఆకులే, దాంట్లో పువ్వు ఎరుపే కొంచెం కలపండి. లేత చిగురు ఎలాగూ ఎర్రగానే ఉంటుంది.

సున్నపుగోడ:
రేకు మీద నీటిచుక్క?

తడికుంచె:
రేకు పూర్తిగా ఆరాక. దీపం ఎడమ పైన ఉంటే చుక్క లోపల ఎడమ పైభాగం ముదురు, కుడి కిందిభాగం లేత. గుండ్రటి వస్తువుకి పూర్తిగా తిరగబడి ఉంటుంది, వెలుగు చుక్కలోంచి దూరి అవతలివైపు పోగుపడుతుంది కాబట్టి. ఆ లేతభాగం కోసం తడిబ్రష్‌తో రుద్ది టిష్యూతో అద్దండి. కింద కుడివైపు సన్నటి నీడ. ముదురు భాగంలో తెల్ల గ్వాష్ (కింది రంగు కనిపించనివ్వని చిక్కటి నీటిరంగు) సూదిమొనంత. ఒక పువ్వుకి రెండు చుక్కలు చాలు, ఏడెనిమిది పెడితే పెళ్ళిశుభలేఖ.

కొత్తకుంచె:
పీవీ 19, 300 జీఎస్ఎం మీద మళ్ళీ వేసి ఫొటో పెట్టాను. గీతలు లేవు. కానీ ఏదో తేడాగా ఉంది, పట్టుకోలేకపోతున్నా.

పాతపాలెట్:
నీడవైపు అంచులు బాగా కరిగాయి. తేడా పువ్వులో లేదు. కాడ మీద స్కేలు పెట్టి పైకి పొడిగించండి, ముడికి ఎడమగా వేలెడు దూరం పోతోంది. పువ్వు అడుగున రక్షక పత్రాలు ఐదింటిలో మీరు నాలుగు ఎడమకే వేయడంతో అది ఇంకా లాగుతోంది.

కొత్తకుంచె:
స్కేలు పెట్టి చూశాను, నిజమే. కాడ ఇంకా ఒక్క పూతే అయింది, తడిబ్రష్‌తో లేపి జరపొచ్చా?

తడికుంచె:
సాప్ గ్రీన్ వేశారా? అందులో థాలో ఉంటే పూర్తిగా లేవదు, లేతగా మిగులుతుంది. లేచినంత లేపి, మిగిలిన మరకని ఒక ఆకు కింద దాచేయండి.